ఆవకాయ జాడీలో మామ్మ ఫోటో

చేతిలో మొదటి ఉద్యోగం, ఇంట్లో వేళకి అన్నం పెట్టే మామ్మ, ఫోన్లో అడిగినా అడగకపోయినా పాఠాలు చెప్పే వీడియోలు, ఈ మూడూ ఒకేసారి అమిరిన రోజుల్లో మనిషికి తనకు రాని విద్య లేదనిపిస్తుంది. నాకూ అనిపించింది. రాజమండ్రిలో మూసేసిన ఓ స్టూడియో నుంచి పాత చెక్క కెమెరా తెచ్చుకున్నాను. దానికి రీలు పనికిరాదు. అరచేతంత ఫిల్ము రేకులు ఒక్కొక్కటే పెట్టి తీయాలి. తీశాక చిమ్మచీకట్లో మందునీళ్ళలో కడగాలి. (కెమెరా కొనేటప్పుడు ఈ రెండో సంగతి చదవలేదు.)

కడగడానికి తొట్టెలు కావాలి. నెట్‌లో స్టీలువి, ప్లాస్టిక్‌వి, డ్రమ్ములా దొర్లించేవి బోలెడు ఉన్నాయి గానీ అన్నీ విదేశాల నుంచి రావాల్సినవే. నెల రోజులు వాటి మంచిచెడ్డలు చదివి పండితుణ్ణయ్యాను, ఒక్కటీ కొనలేదు. ఆఖరికి ఫిల్ము కొలతకు అట్టముక్క కత్తిరించుకుని స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళి, కనబడ్డ ప్రతి గిన్నెలోనూ దాన్ని దింపి చూడసాగాను. కొట్టాయన కాసేపు ఓపిక పట్టాడు.

"ఎంతమందికండి వంట?"

"వంటకి కాదండి, ఫోటోలు కడగడానికి. లోపలికి వెలుతురు పోకూడదు, మందుకి గిన్నె పాడవకూడదు."

"దానికి స్టీలెందుకండి? మీ ఇంట్లో ఊరగాయ జాడీల్లేవా?"

అమ్ముకునే మనిషే అంత మాట అన్నాక ఇంకేం కావాలి. ఇంటికొచ్చి చూస్తే ఖాళీ జాడీలో అట్టముక్క చక్కగా దిగింది.

మామ్మకు ఉన్న ఫోటో ఒక్కటే, గుర్తింపు కార్డు మీది. "అందులో నన్ను కోళ్ళ దొంగలా తీశార్రా. నేను పోతే గోడకి దాన్నే తగిలిస్తారా ఏంటి?" అని ఆవిడ దిగులు. నా దగ్గర మిగిలినవి రెండే రేకులు. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. రెండూ ఆవిడకే ఖర్చు పెట్టాను.

మందులో గంటసేపు కదపకుండా నానబెట్టే పద్ధతి ఒకటుంది. సోమరులకు అనువైనదని అదే ఎంచుకున్నాను. సామాన్ల గదిలో చీకటి మూల ఒక్కటే, అక్కడ అప్పటికే కొత్తావకాయ జాడీ ఉంది. దాన్ని మంచం కిందకు జరిపి, నాదాన్ని అక్కడ పెట్టాను. తలుపు సందులన్నీ మూసి, చీకట్లో తడుముకుంటూ రేకులు మందులో వేసి, మూత పెట్టి, నల్లగుడ్డతో వాసెన కట్టాను. అచ్చం మామ్మ కట్టినట్టే కుదిరిందని మురిసిపోతూ కాఫీకి వెళ్ళాను. ఆవకాయ మూడో రోజున తిరగకలుపుతారని తెలియక కాదు. నాకు దాన్ని తినడం వచ్చినంతగా రోజులు లెక్కపెట్టడం రాలేదు.

కాఫీ సగంలో ఉండగా మామ్మ పిలిచింది. "ఒరే, కొంప మునిగిందిరా. ఆవకాయంతా నీళ్ళోడిపోయింది."

వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. లైటు వెలుగుతోంది. తలస్నానం చేసి వచ్చిన మామ్మ, చెక్క తెడ్డుతో తన ముఖాన్ని తానే తిరగకలుపుతోంది.

"బెంగపడకు, గుప్పెడు ఉప్పు పడేశాను, నిలబడుతుంది" అంది.

జరిగింది చెప్పాను. మామ్మ తెడ్డు కింద పెట్టి, "అయితే అందులోంచి నేను పోయినట్టేనా?" అని మెల్లగా అడిగింది. ఆ మాటకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగతా కడుగుడు పూర్తి చేసి చూస్తే ఒక రేకు బొగ్గులా నల్లబడింది. రెండోది దాని చాటున జాడీ గోడకు అంటుకుపోవడం వల్ల అడుగు భాగం బతికింది. ఒళ్ళో పెట్టుకున్న మామ్మ రెండు చేతులు, అంతే. ప్రింటు చేసి ఇస్తే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"చేతులు నావేరా. కోళ్ళ దొంగ కంటే నయం."

మళ్ళీ ఫిల్ము తెప్పించి బతిమాలినా, "నీకు అన్నం పెట్టినవి పడ్డాయిగా, చాల్లే" అని కూర్చోలేదు. మందు పట్టిన ఆ జాడీని మాత్రం వంటింట్లోకి రానివ్వలేదు.

ఇప్పుడు నా దగ్గర అసలు సిసలు స్టీలు తొట్టెలు మూడున్నాయి. మామ్మ లేదు. గోడ మీద ఆ చేతులున్నాయి. తొట్టెలకు అప్పుడప్పుడు సెలవిచ్చి, ఫిల్ము ఆ జాడీలోనే వేసి వాసెన కడుతుంటాను. ఇంత అనుభవం వచ్చాక కూడా, గది తలుపుకు గొళ్ళెం పెట్టబుద్ధి కాదు.