పిలవకముందే వచ్చిన పెద్దమ్మ

మా ఇంట్లో బయోటెక్నాలజీ చదివింది నేనొక్కదాన్నే. మా అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ మిర్చి ఏరే ముఠాలో పనిచేస్తారు. కారేపల్లి దాటి అడవి అంచుదాకా ఏ రైతు పిలిచినా ఆటోలో పోతారు. పెద్దమ్మకు ముఠాలో ఒక పేరుంది. ముఠాను నడిపే మేస్త్రమ్మ పిలుపు రాకముందే సద్ది డబ్బా పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంటుంది.

ఈ మధ్య ఖమ్మంలో ఒక కాలేజీవాళ్లు లెక్చరర్ ఉద్యోగం కోసం నన్ను డెమో క్లాసుకు పిలిచారు. ఆ ఉద్యోగం వస్తే రోజూ ఇంటి నుంచే బస్సులో పోయి రావచ్చు. రాకపోతే హైదరాబాద్‌లో మందుల కంపెనీ, హాస్టల్ గది, నీళ్ల పప్పు. నాకు పాఠం చెప్పడమంటే పిచ్చి. ఆ ఉద్యోగం ఎలాగైనా కావాలనుకున్నాను.

సైటోకైన్ల కబురును కణం ఎలా అదుపు చేస్తుందన్నది నాకిచ్చిన పాఠం. అద్దం ముందు చెప్పి చూసుకుంటే నాకే ఆవలింతలొచ్చాయి. ఇలా కాదని, సద్దులు తినే వేళకు చేనుకు పోయి ముఠా ముందు నిలబడ్డాను.

"ఒంట్లోకి వైరస్ వస్తే ఒక కణం ఇంకో కణానికి కబురు పంపుతది. ఆ కబురే సైటోకైన్. కబురు తలుపు తట్టంగనే లోపల జాక్ అనే ఎంజైమ్ లేస్తది. అది ఇంకో ప్రోటీన్‌ను కేంద్రకానికి ఉరికిస్తది. అప్పుడు కణం పోరాటానికి దిగుతది."

"మరి ఆపేదెవరు?" అంది మేస్త్రమ్మ.

"ఆపకుంటే మన ఒళ్లే వాచి మండుతది. అందుకే అదే కబురుతోని కేంద్రకం సాక్స్ అనే ప్రోటీన్‌ను గూడ తయారు చేస్తది. అది వచ్చి జాక్ పనిచేసే చోటనే ఇరుక్కొని కూసుంటది. జాక్ చేతులు ఆగిపోతయ్."

చెబితే కాదు, ఆడి చూద్దామన్నారు. మేస్త్రమ్మ సైటోకైన్. ఒకచోట కుదురుగా ఉండలేని మా అమ్మ జాక్. చిన్నమ్మ ఉరికే ప్రోటీన్. మిర్చి కుప్ప కేంద్రకం. దాని వెనక సాక్స్‌గా పెద్దమ్మను కూర్చోబెట్టాను.

మేస్త్రమ్మ ఇంకా గట్టు దిగలేదు. పెద్దమ్మ వచ్చి అమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

"అక్కా, నేనింకా మొదలే పెట్టలే" అంది అమ్మ.

"పనికి ముందుగాల రావాలె గని ఎనక వస్తరా ఎవలన్న? నేనెన్నడన్న లేటుగ పోయిన్నా?"

మేస్త్రమ్మ వచ్చి ఎంత తట్టినా అమ్మ కదల్లేకపోయింది. చిన్నమ్మ ఉరకలేదు. కుప్ప దగ్గర ఏమీ జరగలేదు. నవ్వి నవ్వి అందరికీ పొలమారింది. మిర్చి ఘాటు తోడై తుమ్ములు కూడా మొదలయ్యాయి. రెండోసారి పెద్దమ్మను కొంగు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. "పిలిచేదాక ఆగు పెద్దమ్మా" అంటే, ఆగడం ఆమెకు పెద్ద శిక్షలా ఉంది.

డెమో రోజు పాఠం సగంలో ఉండగా, వెనక బెంచీలో కూర్చున్న మేడం అడిగారు. "ఈ సాక్స్ ముందే ఎక్కువగా ఉంటే ఏమవుతుందమ్మా?"

నాకు నవ్వొచ్చేసింది. "కబురు వచ్చినా కణం కదలదు మేడం, జాక్ చేతులు అప్పటికే పట్టేసి ఉంటాయి. వైరస్‌కు అడ్డు తగ్గుతుంది. ఆపడం ఎంత ముఖ్యమో, వేళకు ఆపడం అంత ముఖ్యం." ఆ తర్వాత పాఠం హాయిగా సాగిపోయింది.

కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చేనులోనే ఉన్నాను. ఉద్యోగం ఇచ్చారు. ఫోన్ అమ్మ చేతిలో పెట్టాను. విన్నదే తడవుగా అమ్మ సంచి పడేసి, "నా బిడ్డ మేడమైంది" అని సాలు సాలుకూ ఉరికింది. గట్టు మీద పోయే మేకలాయనను కూడా వదల్లేదు. ముఠా అంతా ఏరడం మానేసి అరుపులు, కేకలు. అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

పెద్దమ్మ మాత్రం సాలు చివర రెండు చేతులూ ముందుకు చాపి నిలబడిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"బిడ్డా, ఇప్పుడు పట్టుకోవాల్నా మీ అమ్మను? ఇంకా ఆగాల్నా?"

"ఇంకొంచెం ఆగు పెద్దమ్మా" అన్నాను.

ఆమె చేతులు దించి, కొంగు నడుముకు దోపుకుని అమ్మ వెనకే ఉరికింది, తనూ అరుస్తూ.