జిప్పు కవరులో సాక్ష్యం

ఇది ఎన్నేళ్లు మోశానో లెక్క పెట్టలేదు. పెళ్లి కాకముందు ఎత్తుకున్న బరువు. ఇప్పుడు జుట్టుకు రంగు వేసుకుంటున్నాను, అంతే తెలుసు. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి పొలం గట్టూ జరపలేదు. ఒక మంచిమాట చెప్పాను. చర్చిలో నిలబడి, అందరూ వినేట్టు చెప్పాను. ఆ మంచిమాట వల్ల మా మేనత్త దయమ్మ ఇన్నేళ్లు ప్రభువు బల్లకు దూరంగా, చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూర్చుంది. నెమ్మదిగా చెబుతాను, తొందర పెట్టొద్దు. తొందర పెడితే నేను మళ్లీ అబద్ధంలోకి జారుకుంటాను, అది నాకు అలవాటు.

నా పేరు చెప్పను. మాది ఆత్మకూరు. ఊరు పెద్దదేం కాదు కాబట్టి చదివినవాళ్లు సాయంత్రానికల్లా కనుక్కుంటారు. అయినా రాయను. ఆ మాత్రం సిగ్గు మిగిలింది.

అంతా నా పెళ్లితో మొదలైంది, అంటే జరగని పెళ్లితో. మాలో పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపండి అని. నాకూ కర్నూలు అమ్మాయి సునీతకూ మొదటి ఆదివారం చదివారు. కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాను. రెండో ఆదివారం చదివారు. ఆ చొక్కానే ఉతికి వేసుకున్నాను. మూడో ఆదివారం అయ్యగారు, అదే మా పాస్టరుగారు, కాగితం తీశారు, కళ్లద్దాలు సర్దుకున్నారు, నావైపు ఒకసారి చూశారు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని కానుకల పాట ఎత్తుకున్నారు. అభ్యంతరం చెప్పింది పెళ్లికూతురే. తనతో చదువుకున్న అబ్బాయినే చేసుకుంటానని వాళ్ల నాన్నకు తెగేసి చెప్పిందట.

సంఘమంతా తల తిప్పి నన్ను చూసింది. నేను పాట పాడాను. పాడక ఏం చేయాలి? పాడకపోతే ఏడవాలి. మూడు చరణాలూ పాడాను, పల్లవి రెండుసార్లు ఎక్కువ కూడా పాడాను.

ఆ తర్వాత నేను మనిషినే కాను. అప్పట్లో విత్తనాల అంగట్లో పని చేసేవాణ్ణి. ఒక రైతు కందులడిగితే ఆముదాల సంచి ఎత్తి ఆయన ముందు పెట్టాను. "ఏమప్పా, నేను కందులడిగితి గానీ భేదికి మందు అడగల్యా" అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆయన కూడా సునీత సంగతి తెలిసే ఎగతాళి చేస్తున్నాడనిపించింది. ఆ రోజుల్లో కుక్క మొరిగినా నా గురించే అనిపించేది. తిండి సయించలేదు. అమ్మ ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, మళ్లీ పళ్లెంలో పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకునేది.

మా అంగడి పక్కనే బొరుగులు, అదే మరమరాలు, అమ్మే శెట్టి అంగడి. పొట్లాలు కట్టడానికి ఆయన పాత పుస్తకాలు తూకానికి కొనేవాడు. అందులో డిటెక్టివ్ నవలలు శానా ఉండేవి. ఒకరోజు బేరం లేక ఒకటి చేతిలోకి తీసుకున్నాను. రెండో పేజీలోనే శవం. ఎందుకో ప్రాణం కుదుటపడింది. నాకంటే కష్టంలో ఉన్నవాడు ఒకడు దొరికాడు.

అలా మొదలైంది. ఇంటికి తీసుకుపోవాలంటే భయం. మా ఇంట్లో నవల అంటే సారాయి సీసాతో సమానం. బైబిలుకు జిప్పు ఉన్న నల్ల తోలు కవరు ఉండేది నాకు. బైబిలు తీసి తలగడ కింద పెట్టాను, నవలను కవరులో పెట్టాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అరుగు మీద కూర్చుని సాయంత్రం పొద్దు వాలేదాకా చదివేవాణ్ణి. అమ్మ లోపలి నుంచి తొంగిచూసి, నల్ల కవరు చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయేది. మర్నాటికి వీధంతా తెలిసింది: పిల్లోడు వాక్యంలో పడ్డాడు.

ఆ అబద్ధం అమ్మదే అనుకుందామా? నేను నోరు తెరవలేదు కదా. ఎన్నిసార్లు అలా అనుకుని పడుకున్నానో. కానీ అమ్మ వస్తుంటే పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది ఎవరు? వేలితో వరస వెంబడి పోతూ, పెదవులు కదిలించింది ఎవరు?

ఒక చిక్కు వచ్చింది. శెట్టి పుస్తకాన్ని వెనక నుంచి చించేవాడు. ముందు నుంచి చించితే అట్ట ఊడి పుస్తకం చెదిరిపోతుందని ఆయన లెక్క. దాంతో నాకు దొరికిన ప్రతి నవలకూ చివరి పేజీలు లేవు. హత్య జరుగుతుంది, అనుమానితులందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు, డిటెక్టివ్ గొంతు సవరించుకుంటాడు, అక్కడితో సరి. ఆ తర్వాతి సంగతి ఎవరో బొరుగులతో పాటు ఇంటికి తీసుకుపోయారు. "శెట్టీ, హంతకుడు ఎవరప్పా" అని అడిగితే, "నాకేం తెలుసునప్పా, నిన్న ఉగ్గాని చేసుకోను బొరుగులు కొన్నోళ్లనడుగు" అన్నాడు.

ఉండబట్టలేక ముగింపులు నేనే రాయడం మొదలుపెట్టాను. విత్తనాల కంపెనీ కరపత్రాలు ఒకవైపు ఖాళీగా ఉండేవి, వాటి మీద రాశాను. మొదటి నవలలో హంతకురాలు ఒక ఆడమనిషి. కర్నూలు మనిషి. తనతో చదువుకున్నవాణ్ణి చేసుకుంది. ఆమెను తుంగభద్రలో పడేశాను. రెండో నవలలోనూ హంతకురాలు ఆమే. ఈసారి లారీ కింద. మూడోదాంట్లో హంతకుడు ఆమెతో చదువుకున్నవాడు, వాడికి ఉరి. రాసినవన్నీ శెట్టికే ఇచ్చేవాణ్ణి, చించిన పేజీలకు బదులుగా. ఆయన వాటిలో బొరుగులు కట్టాడు. నా దుఃఖం ఆత్మకూరంతా పొట్లాలుగా పోయింది.

కానీ మనిషిని అన్నిసార్లు చంపాక చేతికి విసుగొస్తుంది. ఒకచోట ఆగి ఆలోచించాను. ఈమె ఎందుకు చేసి ఉంటుంది? డిటెక్టివ్ అన్నవాడు అది కూడా చెప్పాలి కదా. ఆమె వైపు నుంచి రాద్దామని కూర్చున్నాను. ప్రధానం రోజు, అంటే నిశ్చితార్థం నాడు, మమ్మల్ని కాసేపు మాట్లాడుకోమని వరండాలో వదిలారు. ఆ కాసేపూ నేను సునీతకు పత్తి విత్తనాల గురించి చెప్పాను. ఏ రకం పత్తికి పురుగు తక్కువ, ఏ రకానికి నీళ్లు ఎక్కువ, అన్నీ చెప్పాను. నీకేమిష్టం అని ఒక్క మాట అడగలేదు. ఆమె ఒకసారి ఏదో చెప్పబోతే, "ఆగు, ఇంకో రకం ఉంది" అన్నాను. ఇది రాస్తున్నప్పుడు మొదట నవ్వొచ్చింది. తర్వాత కడుపులోంచి ఏడుపొచ్చింది. ఆ రోజు అమ్మ పెట్టిన అన్నం మొత్తం తిన్నాను. ఆ తర్వాత రాసిన ముగింపులో ఆమె ఎవరినీ చంపలేదు. పెళ్లి చేసుకుని బస్సెక్కి పోయింది, కిటికీ పక్క సీటు కూడా ఇప్పించాను.

ఇదంతా నిజం. చదివాను, రాసుకున్నాను, ఆలోచించాను, కోలుకున్నాను. ఇందులో పాపం లేదు. పాపం ఆ తర్వాతి ఆదివారానిది.

మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలు తలచుకుని ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. అయ్యగారు నన్ను పేరు పెట్టి లేపారు. "చదవడం వల్ల, రాసుకోవడం వల్ల మనిషినయ్యాను" అన్నాను. అక్కడితో ఆపి కూర్చుని ఉంటే నేను సత్యవంతుణ్ణి. "ఏ గ్రంథం చదివితివి నాయనా, అందరికీ చెప్పు" అన్నారు అయ్యగారు. ఆయన ముఖంలో అంత ఆనందం. ముందు వరసలో అమ్మ కళ్లలో నీళ్లు. నేను చంకలోని నల్ల కవరు పైకెత్తి చూపించాను. లోపల సగం చదివిన నవల ఉంది, అందులో అప్పటికి రెండు శవాలు లేచాయి. సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం చెప్పింది. మరుసటి నెలలో నన్ను యువజన కార్యదర్శిని చేశారు.

ఇప్పుడు దయమ్మత్త. నాన్నకు చెల్లెలు. ఆమె భర్త లారీ డ్రైవరు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలేవాడు. మామకు ఎర్రగుంట్లలో డ్యూటీ ఎక్కువైందని మొదట్లో అనేవాళ్లు. కొన్నాళ్లకు ఆ డ్యూటీకి ఒక పాప పుట్టింది. మామ ఇక ఇంటికి రాలేదు. అత్త ఏడవలేదు, తిట్టలేదు. ఊరికే గోడ చూస్తూ కూర్చునేది. నా సాక్ష్యం విన్న రోజు ఇంటికి పోయి పెట్టెలోంచి బైబిలు తీసింది. ఐదో తరగతి చదువు. కూడబలుక్కుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. వంశావళుల దగ్గర, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అనే పేజీల దగ్గర, ఇరుక్కుపోయింది. కొన్ని నెలల తర్వాత మా అరుగు దగ్గరికొచ్చింది.

"ఏమిరా అబ్బీ, నీకు పన్జేసింది నాకెందుకు పన్జేయల్యా? చదువుతాండా, ఏడుపొస్తాండాది. ఆయప్ప ఎవర్ని కన్యాడు, ఈయప్ప ఎవర్ని కన్యాడు అని సదివితే నా మొగుడు ఆడ కన్న పిల్లే కండ్ల ముందర కనపడ్తాది. నా విశ్వాసం తక్కువేమోరా."

నా చేతిలో నల్ల కవరు ఉంది. జిప్పు తీసి చూపిస్తే చాలు. ఇది చదవత్తా, దీని ముగింపు నువ్వు రాయి, మామను నీ ఇష్టమొచ్చినన్నిసార్లు లారీ కింద పడెయ్యి అంటే చాలు. అంతా తెలిసినవాణ్ణి ఆత్మకూరులో నేనొక్కణ్ణే. కానీ నేను యువజన కార్యదర్శిని.

"ఇంకొంచెం నమ్మకంగా చదువత్తా" అన్నాను.

తలూపి పోయింది. ఆ తర్వాత ఒక ఆదివారం సాక్ష్యాల వేళ తనే లేచింది. "నా విశ్వాసం కొరతగా ఉండాది. మా అన్న కొడుకు మాదిరి నేను చదవలేకపోతి. నాకోసరం ప్రార్థన చేయండి" అంది. అలాంటప్పుడు అందరూ ఆమెన్ అంటారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. మా దగ్గర నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. తాను యోగ్యురాలు కానని అత్త ఆ నెల బల్లకు లేవలేదు. మరుసటి నెలా లేవలేదు. గుమ్మం దగ్గరికి జరిగి కూర్చుంది. అక్కడే ఆమె జుట్టు నెరిసింది. నేను పెళ్లి చేసుకున్నాను, సొంత అంగడి పెట్టుకున్నాను, సంఘపెద్దనయ్యాను. ప్రతి నెలా రొట్టె తీసుకుని వెనక్కి తిరుగుతుంటే ఆమె నన్ను చూసి చేతులు జోడించేది. భక్తిగా. ఆ చేతులు చూడలేక కళ్లు మూసుకునేవాణ్ణి. అది చూసి జనం నన్ను ఇంకా భక్తిపరుడనుకున్నారు.

మొన్నీమధ్య చర్చికి కొత్త కప్పు వేశాం. ప్రారంభానికి పెద్ద కూటం పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్ర అయ్యగారు మా ఇంటికొచ్చి, "మీ సాక్ష్యం గురించి శానా విన్నా. ఆ దినం మళ్లీ చెప్పాల" అన్నారు. నా భార్య కాఫీ పెట్టింది. ఇంకోసారి ఆ కవరు ఎత్తగలనా? ఎత్తగలనని నాకు తెలుసు. దానికే భయం వేసింది. ఆ మధ్యాహ్నమే అత్త ఇంటికి పోయాను.

అత్త ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను మొదలుపెట్టాను, తుమ్మాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తుమ్మాను. జీవితంలో ఒక్కసారి చెప్పే నిజం కూడా తుమ్ముల మధ్యే చెప్పాను.

"అంటే నువ్వు సదివింది వాక్యం కాదా?"

"కాదత్తా. హత్యల పుస్తకాలు."

ఇంకో మిరపకాయ తొడిమ తీసింది. "ఎవురు సంపింటార్రా?" అని అడిగింది.

"తెలీదత్తా. చివరి పేజీలు ఉండవు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇన్నేండ్లు బల్లకు పోకుండా ఉంటి గదరా" అంది. క్షమించమన్నాను. అత్త చేట పక్కకు పెట్టింది.

"నా కొరత నేను అందరి ముందర లేసి చెప్పుకుంటి. నువ్వేమో నీ తప్పు నా వంటింట్లో చెప్పి పోదామనుకుంటాండావు. నా కొరత విన్నోళ్లంతా ఇది గూడా వినాల. పో, పోయి ఆడ చెప్పు."

కూటం రోజు నన్ను పిలిచారు. లేచాను. చేతిలో ఏమీ లేదు. ఆ రోజు కవరులో ఉన్నది నవల అని చెప్పాను. అత్త అడిగినప్పుడు దాచానని చెప్పాను. దయమ్మత్త విశ్వాసంలో ఏ కొరతా లేదని చెప్పాను. మైకు కీచుమంది. ఎవరూ స్తోత్రం అనలేదు, ఆమెన్ అనలేదు. ఎవరో ముసలాయన "ఏం పుస్తకమంట?" అని పక్కవాణ్ణి అడగడం చర్చి అంతా వినిపించింది. కుర్ర అయ్యగారు గబగబా పాట నంబరు చెప్పారు.

పాటయ్యాక బల్ల. నేను లేవలేదు. గుమ్మం వైపు నుంచి చీర గరగరలాడింది. దయమ్మత్త లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ, వరసల మధ్యగా, నా పక్క నుంచే నడిచి పోయింది. నావైపు చూడలేదు. రొట్టె తీసుకుంది, రసం తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది. తిరిగి వచ్చి గుమ్మం దగ్గరికి పోకుండా ముందు వరసలో ఆడవాళ్ల మధ్య కూర్చుంది. వాళ్లు సర్దుకుని చోటిచ్చారు.

అత్త నాతో ఇంతవరకు మాట్లాడలేదు. మాట్లాడుతుందని రాయలేను, నాకు తెలియదు. సంఘపెద్దల్లో నా పేరు ఉంచాలా వద్దా అని చర్చ జరుగుతోంది. శానామంది వద్దంటున్నారట. నేను ఎవరినీ అడగలేదు. ఆ ఆదివారం ఇంటికొచ్చి అన్నం తిని, పట్టపగలు, తలుపు తెరిచే ఉంచి, నిద్రపోయాను.