"అందింది" అనేదాకా

రాజమండ్రి తంతి ఆఫీసులో యెహెజ్కేలు గారు నేర్చుకున్న మొదటి నియమం ఇది: పంపిన వార్తకు అవతలి నుంచి "అందింది" అని జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకూడదు. ఆ నియమాన్ని ఆఫీసులోనే వదిలేసి ఉంటే గొడవే లేదు. ఆయన దాన్ని ఇంటికి మోసుకొచ్చారు.

"బజారుకు వెళ్తున్నాను" అని చెప్పి, ఎవరో ఒకరు "అందింది" అనేదాకా గొడుగు పట్టుకుని గుమ్మంలోనే నిలబడేవారు. ఒక వేసవిలో వంటింటి తాటాకు కప్పు అంటుకుంది. "ఇల్లు అంటుకుంది!" అని గట్టిగా చెప్పి, జవాబు కోసం నిలబడ్డారు. భార్య ఏసమ్మ కాలవ నుంచి నీళ్ల బిందెతో పరుగెత్తుకొచ్చి, "అందిందండి మహానుభావా, ఇక కదలండి!" అని అరిచింది. అప్పటికే సగం కప్పు బూడిదైంది.

పింఛను పుచ్చుకున్నాక ఆయనకు విషజ్వరం వచ్చింది. పాదిరి గారు వచ్చి ప్రార్థన కూడా ముగించారు.

"ఏసమ్మా, నేను పోతున్నాను" అన్నారు యెహెజ్కేలు గారు.

ఏసమ్మ నోరు విప్పలేదు. పిల్లలకేసి కళ్లురిమింది. పాదిరి గారు ఏదో అనబోతే ఆయన చేతిలో మజ్జిగ చెంబు పెట్టింది.

సాయంత్రం దాకా ఎదురుచూసి, యెహెజ్కేలు గారు కోపంగా లేచి కూర్చుని చారన్నం అడిగారు. ఆ కోపంతోనే చాలా ఏళ్లు బతికారు.

చివరికి ఆయనకంటే ముందు మంచం పట్టింది ఏసమ్మే. "వెళ్తున్నానండి" అంది. ఆయన పెదవులు బిగించుకు కూర్చున్నారు. కానీ ఆవిడ ఏనాడూ తంతి ఆఫీసులో పనిచేయలేదు. జవాబు కోసం ఆగలేదు.

సమాధిలో మట్టి వేసి అందరూ కదిలినా ఆయన కదల్లేదు. కొడుకు చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని, వంగి, మెల్లిగా అన్నారు.

"అందింది."