కదలమనే మాట

లెక్కల మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. పట్టా పుచ్చుకున్న మాస్టారేం కాదు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ జవాన్లకు లెక్కలు చెప్పాడు, బయటికొచ్చాక కూడా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో మెట్ల కింద గది ఆయనది. సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్ళను పట్టుకొచ్చి, ఏనాడో మరిచిపోయిన చదువు మళ్ళీ తలకెక్కించి, డిగ్రీలో చేర్పించడం ఆయన పని. జీతం అంతంతమాత్రం, తిట్లు మాత్రం దండిగా. తిట్టేదీ ఆయనే లెండి.

ఆ ఏడాది ఆయన నెత్తికెత్తుకున్నది ఒక ట్యాంకు మెకానిక్కుని. నోట్లో నాలుక లేని మనిషి. గోదాము గేటు దగ్గర కాపలా కాస్తూ, ఖాళీ దొరికితే మాస్టారి ముందు కూర్చుని కుస్తీ పట్టేవాడు. వయసు దాటిపోతోంది, ఇంకో ఏడాది రాయనివ్వరు. ఎలాగో ప్రవేశ పరీక్ష గట్టెక్కాడు. ఆ సంబరంలో తిన్నగా కాలేజీ ఆఫీసుకెళ్ళి, ఎవరినడగాలో తెలీక గుమాస్తా బల్ల ముందు అటెన్షన్‌లో నిలబడితే, అందరూ నవ్వారు. మాస్టారికి ఒళ్ళు మండింది.

"నేను చెప్పేదాకా అడుగు కదపకు. సీటు రానీ, నేనే పిలుస్తా" అన్నాడు.

సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా వచ్చి చేరమని ఇద్దరి ఫోన్లకూ కబురొచ్చింది. మాస్టారు చూసి మురిసిపోయాడు. అతనికీ తెలిసింది కదా, వస్తాడులే అనుకుని వేరే పనుల్లో పడ్డాడు. పిలుస్తానన్న సంగతే మరిచాడు. వయసంతా సైన్యంలో గడిపినవాడు మరవాల్సిన మాటా అది? ఆగమన్నవాడే మళ్ళీ కదలమనాలి. అక్కడ ఫోనులో వచ్చిన కబురుకి విలువేముంది?

శనివారం పొద్దున, చేరినవాళ్ళలో అతను లేడని మాస్టారికి తెలిసింది. ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు, బతిమాలాడు, అరిచాడు. సీటు అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఆ ముక్క ఫోన్లో చెప్పడానికి నోరు రాక, అతని ఇంటికే బయల్దేరాడు.

మెకానిక్కు భార్య తలుపు తీసింది. లోపల అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారిని చూడగానే సంచి అందుకుని లేచాడు.

"రండి అన్నయ్యగారూ. నిన్నట్నుంచీ ఇదే వరస. వెళ్ళండి మహాప్రభో అని పోరుపెట్టాను. మీరు చెప్పాలట. పోనీ ఫోన్ చేసి అడగండంటే, పెద్దవాళ్ళని తొందరపెట్టకూడదట" అందామె.

మాస్టారు గుమ్మంలోంచే చెప్పేశాడు. "తప్పు నాదేరా. గడువు నిన్నటితో అయిపోయింది. సీటు పోయింది."

ఆమె ఇద్దరినీ చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది. అతను తిట్టలేదు, ఏడవలేదు. మాస్టారి వైపు కుర్చీ జరిపాడు. నాలుగు తిట్టినా బాగుండునని మాస్టారు ఎంత కోరుకున్నాడో.

"మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడు అతను.

అతను సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.