మేడిపల్లి నుంచి నాచారం దాకా: పాలు పొంగించడానికి ఒక గది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి విరిగాక అద్దెకు ఇల్లు అడిగి చూడు అని కూడా ఒక మాట అని పెట్టి ఉంటే నాలాంటివాళ్లం కాస్త జాగ్రత్త పడేవాళ్లం. ఈ బ్లాగులో ఇంతవరకు మీరు చదివినవన్నీ మేమిద్దరం కలిసి తిరిగిన ఊళ్ల కబుర్లు. కాశీ, రామేశ్వరం, అరకు, హంపి. టికెట్లు, గదులు ఆయన చూసేవారు. పులిహోర నేను కలిపేదాన్ని, ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని రాసేదాన్ని. ఏడాదిగా ఏమీ రాయకపోయేసరికి ఈసారి ఎక్కడికి వెళ్లారని కొందరు అడుగుతూనే ఉన్నారు. ఈసారి మేడిపల్లి నుంచి ఉప్పల్ మీదుగా నాచారానికి వెళ్లాను. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి అయిపోయే దారే. ఒంటరిగా ఒక గది వెతుక్కోవలసి వచ్చిన ఆడవాళ్లు మీలో ఎవరైనా ఉంటే వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ల కాపురం మాది. ఆయన ప్రభుత్వ సంస్థలో ఇంజనీరు. ఉప్పల్‌లో ఆయన పేరు మీద ఉన్న ఫ్లాట్‌లో అత్తగారు పోయేదాకా నలుగురం ఉండేవాళ్లం. మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్లిన ఏడాదే, ఒక రాత్రి అన్నం తింటూ, నీతో మాట్లాడటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు అన్నారు. మజ్జిగ పొయ్యమంటారేమో అనుకుని గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. గొడవలూ కొట్లాటలూ ఉంటే ఎవరికైనా చెప్పుకోవడానికి ఒక కథ ఉండేది. నాకు అదీ లేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం, కోర్టు విడదీసింది. రెండు సూట్‌కేసులతో మేడిపల్లిలో మా తమ్ముడి ఇంటికి వచ్చి హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టాను.

మా మరదలు మంచిదే. నాకు చపాతీ వేడిగా వేసి పెడుతుంది. కానీ శనివారం వంటింట్లోంచి వాళ్లమ్మతో ఫోన్లో అంటున్న మాట నా చెవిన పడింది. "రేపు దాటితే అమావాస్య, ఆయెనుక ఆషాఢం అమ్మా. నెలంతా ఎవ్వరు ఇల్లు మారరు కదా. వదిన ఇంకో నెల ఈడనే." విసుగ్గా కూడా అనలేదు, నెల సరుకులు లెక్కేసినట్టు అంది. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక మసాలా పొడుల కంపెనీలో ప్యాకింగ్ చూసే పనిలో చేరి కొంతకాలమైంది. అటువైపే ఏదో ఒక గది, ఆదివారం పొద్దుగూకేలోగా దొరకాలి. దొరక్కపోతే ఆషాఢం అంతా ఆ దివాన్ మీద, టీవీ చూసే పిల్లల కాళ్ల దగ్గర పడి ఉండాలి. నాకు ఇక అది చేతకాదు అనిపించింది.

ఉదయం తొమ్మిది ప్రాంతంలో మేడిపల్లిలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్, కాబట్టి కార్డు మరవకండి. నా కార్డు మీద ఇంకా ఆయన పేరూ, ఆ ఫ్లాట్ చిరునామా ఉన్నాయి. కండక్టరు చూసి తిరిగిచ్చేసింది. వరంగల్ హైవే పొడుగునా పైవంతెన స్తంభాలు, వాటి మధ్య దుమ్ము. ఆదివారమైతే ఉప్పల్ అరగంట, పనిరోజుల్లో గంట పెట్టుకోండి. నేను మాత్రం మధ్యలో పీర్జాదిగూడలో దిగాను. అక్కడ ఒక అపార్ట్‌మెంటులో సింగిల్ బెడ్రూమ్ ఖాళీ ఉందని ఫోన్లో చూసి పెట్టుకున్నాను. తొమ్మిది వేలు, నీళ్లకు వేరే.

ఇంటాయన రిటైరైన పెద్దమనిషి. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారు రాలేదామ్మా?"

"లేరండి. నేనొక్కదాన్నే ఉంట."

ఆయన ముఖం మెత్తబడిపోయింది. "అయ్యో. ఎప్పుడు కాలం జేసిన్రు తల్లీ? పాపం, ఒక్క ఆడమనిషివి. నువ్వేం ఫికర్ జేయకు, మా ఇల్లు నీ ఇల్లే అనుకో."

"కాలం జేయలేదు సార్. మేము విడిపోయినం."

కార్డు బల్ల మీద పెట్టి నా వైపు నెట్టాడు. ఇంట్లో అడిగి చెప్తా అన్నాడు. లోపల ఎవరూ ఉన్నట్టు లేదు. మొగుడు పోయినదానికి దొరికే జాలి మొగుడు పొమ్మన్నదానికి దొరకదని మెట్లు దిగుతుంటే అర్థమైంది. ఆయన చచ్చిపోయాడని చెప్పి ఉంటే నాకు ఇప్పుడు ఇల్లు ఉండేది. ఆ ఆలోచన వచ్చినందుకు నాకే భయం వేసి, గబగబా రోడ్డు మీదికి వచ్చి ఉప్పల్ బస్సెక్కేశాను.

ఉప్పల్‌లో మెట్రోకి దగ్గర్లో ఆడపిల్లల హాస్టళ్లు చాలా ఉన్నాయి. తిండితో కలిపి ఏడు వేల లోపే. వాటిలో ఒకదానికి వెళ్తే, చూసుకునే అమ్మాయి నన్ను ఎవరి తల్లినో అనుకుని "మీ పాప ఏ కోచింగ్ ఆంటీ?" అంది. గది నాకే అని చెప్పాను. నొచ్చుకుంది పాపం. "ఏమనుకోకుండ్రి ఆంటీ. అందరు చిన్నపిల్లలు. మీరుంటే వాళ్లు ఫ్రీగ ఉండరు, వాళ్లతోని మీకూ కష్టమైతది" అంది. గదిలోకి తొంగిచూశాను. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఖాళీగా ఉన్నది పైది. నా మోకాళ్లతో నేను ఆ నిచ్చెన ఎక్కడం ఊహించుకున్నాను. ఇద్దరం కొంచెం నవ్వాం.

మధ్యాహ్నం ఉప్పల్ చౌరస్తాకి కాస్త అవతల ఒక మెస్సులో భోజనం చేశాను. ప్లేటు భోజనం వంద. వడ్డించే ఆమే వంట కూడా చేస్తుంది. ఫ్యాను కింద నలుగురు పట్టే బల్ల ఖాళీగా ఉంటే అలవాటుగా అక్కడ కూర్చోబోయాను. "ఎంతమంది అమ్మా?" అంది. ఒక్కదాన్నే అన్నాను. "ఒక్కరైతే జర గీ గోడ కాడ కూసో. గా బల్ల ఫ్యామిలీలకు" అని మర్యాదగానే చూపించింది. గోడ వైపు తిరిగి తిన్నాను. పప్పుచారు బాగుంది, గోంగూర ఇంకా బాగుంది, ఇది బ్లాగు కాబట్టి అవీ రాయాలి. అక్కడే ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు? ఆమె చూసి ఏమీ అడగకుండా ఇంకో అప్పడం వేసి వెళ్లిపోయింది.

రెండు దాటాక చిలకానగర్ మీదుగా నాచారం వెళ్లే షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. మిగతావాళ్లు దిగిపోయాక డ్రైవరు అడిగాడు. "ఏ గల్లీల ఆపాలె మేడమ్?"

"టూలెట్ బోర్డు కనవడ్డ కాడ ఆపు అన్నా."

అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. "ఒక్కరికేనా? ఒక మాట చెప్తా, ఏమనుకోకున్రి. సారు దుబాయ్ల ఉన్నడని చెప్పున్రి. మా గల్లీల గట్ల చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

"నిజంగనే ఉన్నరా దుబాయ్ల?"

"ఎవలు పోయి సూసిన్రు మేడమ్?" అని నవ్వాడు. ఆ రోజు నాకు అంతవరకు దొరికిన సలహాల్లో అదే పనికొచ్చేదిగా కనిపించింది. దుబాయ్ అన్న మాటని నోట్లో పెట్టుకుని ఒక సందు మొదట్లో దిగాను.

రెండంతస్తుల ఇల్లు, పైన ఒక గది, రేకుల వసారా. గేటుకి అట్టముక్క మీద టూలెట్ అని రాసి కట్టారు. ఇల్లుగలామె పేరు అండాళమ్మ. అరవై దాటి ఉంటాయి, మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అద్దె ఆరున్నర వేలు, రెండు నెలల అడ్వాన్సు అని చెప్పి, తల ఎత్తకుండానే అడగాల్సింది అడిగింది.

"మీ ఆయన ఏం జేస్తడు బిడ్డా?"

"దుబాయ్‌ల ఉంటడు."

"మంచిది. మల్ల ఎన్నడొస్తడు?"

దానికి జవాబు తయారు చేసుకోలేదు. డ్రైవరు అంతవరకు నేర్పలేదు. వచ్చే సంక్రాంతికి అనో, ఎండాకాలంలో అనో ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. నోరు తెరిస్తే "రాడు" అని వచ్చింది. "రాడమ్మా. దుబాయ్‌ల లేడు. నన్ను వద్దన్నడు."

ఆమె చేతిలో ఉన్న గింజ పక్కన వేసింది. "నీళ్లు పొద్దుగాల గంటనే వస్తయి. పట్టుకోకపోతే మల్ల రావు" అంది. ఒప్పుకుందో లేదో నాకు అర్థం కాలేదు. "ఉంటనంటే ఇయ్యాలనే పాలు పొంగియ్యి. అమావాస్య ముంగట. పాలు పొంగియ్యకుంట నేను ఎవ్వలకు తాళంచెవి ఇయ్య. నాలుగున్నరకు రాహుకాలం, జల్ది పో."

నా దగ్గర గిన్నె కూడా లేదు. నా గిన్నెలన్నీ ఉప్పల్‌లో ఆయన వంటింట్లో ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టుకి పరుగెత్తాను. చేతికి తెలిసిన సైజు ఒకటి ఉంటుంది కదా, అదే తీసుకున్నాను. అర లీటరు పాల ప్యాకెట్, కొంచెం బియ్యం, బెల్లం, పసుపు, కుంకుమ కొన్నాను. తిరిగొచ్చేసరికి అండాళమ్మ తన చిన్న గ్యాసు పొయ్యి పైకి తెచ్చి గదిలో తూర్పు ముఖంగా పెట్టింది. పొయ్యికి బొట్టు పెట్టి, గిన్నె పెట్టి, పాలు పోశాను. పాలు అడుగున పలచగా పరుచుకున్నాయి. మరిగాయి, నురగ వచ్చింది, సగం దాకా లేచి అక్కడే కొట్టుకున్నాయి.

"గింత పెద్ద గిన్నెల గిన్ని పాలు పోస్తే ఎట్ల పొంగుతయి?" అంది. "ఎంతమందికి తెచ్చినవ్ గిన్నె?"

నలుగురికి. ఇరవై ఆరేళ్లు నేను పాలు కాచిన గిన్నె అదే. ఆమె కిందకి వెళ్లి తన మనవడికి పాలు కాచే చిన్న గిన్నె తెచ్చింది. పాలు అందులోకి వంపాం. ఈసారి అంచు దాకా నిండాయి, మంట తగలగానే లేచాయి. తెల్లగా, గుండ్రంగా, అంచు దాటబోతున్నాయి. నా చెయ్యి వెళ్లి పొయ్యి కట్టేసింది.

నేను కట్టెయ్యాలనుకోలేదు. చెయ్యి వెళ్లిపోయింది, అంతే. మాడిన పాల వాసన ఆయనకు పడేది కాదు. అత్తగారికి పాలు పొంగిపోవడమంటే లక్ష్మి పొయ్యిలో పడిపోవడమే. స్నానం మధ్యలో, ఫోను మధ్యలో, పురుటి నెలల్లో కూడా పరుగెత్తి వచ్చి పొయ్యి కట్టేదాన్ని. మా కోడలు చేతిలో పాలు ఎప్పుడూ పొంగలేదని ఆవిడ నలుగురిలో చెప్పేది. నాకు ఆ ఇంట్లో దొరికిన మెప్పు అదొక్కటే.

"ఏందమ్మా, పొంగనియ్యకపోతివి!" అని అండాళమ్మ అదిరిపడింది. మళ్లీ వెలిగించింది. పాలు లేచాయి, నా చెయ్యి మళ్లీ కదిలింది. ఈసారి ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చింతపండు జిగురు నా చేతికి అంటుకుంది. పాలు అంచు దాటి నాలుగు వైపులా కారాయి, మంట చుయ్యిమంది, మాడు వాసన గది అంతా నిండింది. ఆమె చెయ్యి వదలగానే నేను చీర కొంగుతోనే పొయ్యి తుడవడం మొదలుపెట్టాను. వేళ్లు కాలుతున్నా ఆగలేదు.

"ఎవలొస్తున్నరని గంత జల్ది తుడుస్తున్నవ్ బిడ్డా?" అంది అండాళమ్మ.

ఎవరూ రావడం లేదు. తుడవడం ఆపి అక్కడే కూలబడ్డాను. ఆమె మిగిలిన పాలలో బియ్యం ఉడికించి బెల్లం కలిపింది. పరవాన్నం కొంచెం నాకు పెట్టి, కొంచెం తను తిని, తాళంచెవి నా పక్కన నేల మీద పెట్టి కిందకి వెళ్లింది. అప్పటికి నాలుగు దాటింది.

అవును, గది దొరికింది. దొరికితే ప్రాణం కుదుటపడుతుందని అనుకున్నాను, పడలేదు. పొద్దున నీళ్లు పట్టుకుంటాను, కంపెనీకి నడిచే వెళ్తాను, సాయంత్రం వచ్చి తాళం తీస్తాను. తీసిన ప్రతిసారీ లోపల నిశ్శబ్దం చూసి ఒక అడుగు వెనక్కి వేస్తాను. నాకు ఏ కూర ఇష్టమో ఈ మధ్య కూరగాయల బండి దగ్గర ఆలోచిస్తే తట్టలేదు. ఆయనకు వంకాయ, అత్తగారికి బీరకాయ, పిల్లకి బంగాళదుంప. నాలుగో పేరు దగ్గర ఆగిపోయి ఏమీ కొనకుండా వచ్చేశాను. ఈ బ్లాగులో ప్రతి ప్రయాణం చివరా క్షేమంగా ఇల్లు చేరాం అని రాసేదాన్ని, మీకు గుర్తుండే ఉంటుంది. ఈసారి ఆ వాక్యం రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. క్షేమం అన్న మాట దగ్గరా ఆగిపోయాను, ఇల్లు అన్న మాట దగ్గరా ఆగిపోయాను. చేరాను అన్నది ఒక్కటే నిజం.

ఈ దారిన బయలుదేరేవాళ్లకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గిన్నె ముందే కొని వెంట తీసుకెళ్లండి, కొట్లో చేతికి తెలిసిన సైజు మాత్రం కొనకండి. చిన్నది కొనండి. ఒక్కరి పాలు పెద్ద గిన్నెలో ఎంత మరిగినా పొంగవు.