హెడ్డింగులకు భయపడిన పేపర్ చాచా

మా పేపర్ చాచా పోయిన వారం జ్వరంతో చనిపోయారు. కబురు అందేసరికి నేను ఖమ్మంలో, కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. ఫోన్ చేసింది పినపాకలో చాచా తర్వాత ఆయన పేపరుకే వార్తలు రాస్తున్న విలేకరి అన్న. "చెల్లె, చాచా భద్రాచలం దవాఖానాల పోయిండు" అన్నాడు. ఆ వెంటనే, "మొన్న మీ గూడెం వచ్చి పోయినంకనే జ్వరం పట్టిందట గదా" అన్నాడు.

మొదటి మాటకు ఏడుపు వచ్చింది. రెండో మాటకు భయమేసింది. ఆ భయం ఎందుకో చెప్పాలంటే చాచా గురించి చెప్పాలి.

ఆయన పేపర్ ఏజెంటు, విలేకరి కూడా. పొద్దున బస్సులో వచ్చిన కట్ట విప్పి సైకిల్ మీద పంచేవారు. మధ్యాహ్నం వార్తలు రాసి, కవరు బస్సు డ్రైవరు చేతికిచ్చి ఖమ్మం పంపేవారు. వార్త ఆయనది, హెడ్డింగు అక్కడి ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్లది. తన వార్తకు ఏం పేరు పెట్టారో ఆయనకైనా మర్నాడు కట్ట విప్పితేనే తెలిసేది. "బిడ్డను కనేది నేను, పేరు పెట్టేది ఖమ్మమోళ్లు" అనేవారు.

మా గూడేనికి పేపరు ఒక రోజు ఆలస్యంగా చేరేది. నాన్న అడిగితే, "వేడి వార్త నోరు కాలుస్తదన్నా, చల్లారినంక తెచ్చిన" అనేవారు. చదివిన పేపర్లను మట్టిగోడలకు అంటించేవాళ్లం. వాటిని చూస్తూనే నాకు చదవడం వచ్చింది. ఇంట్లో మా భాష వేరు. బీభత్సం, అతలాకుతలం, బెంబేలు లాంటి మాటలను అర్థం తెలియకుండానే ఇష్టపడ్డాను. అతలాకుతలం అంటే ఏందని ఒకసారి చాచాను అడిగాను. "మనకైతే ఇంట్లకు నీళ్లొచ్చుడు బిడ్డా. పేపరోళ్లకైతే అతలాకుతలం."

ఒక ఎండాకాలం, ఇప్పపువ్వు మెక్కి మత్తెక్కిన ఎలుగుబంటి పక్క ఊరి బడి వరండాలో పడి నిద్రపోయింది. ఊరంతా పిల్లల్ని చంకనెత్తుకుని దూరం నుంచి చూసి నవ్వుకుంది. చాచా అలాగే రాసి పంపారు. మర్నాడు హెడ్డింగు: "బడిలో ఎలుగు.. బెంబేలెత్తిన జనం". ఆ ఊరి పిల్లలు ఎక్కడికి పోయినా ఈరోజుకీ 'ఎలుగు బడోళ్లే'. కొత్తగా వచ్చిన ప్రతి పంతులూ మొదటి రోజు చేతికర్రతోనే దిగుతాడు. "ఎలుగు లేచి ఎటో పోయింది, హెడ్డింగు మాత్రం ఇంకా ఆడనే పండుకున్నది" అని చాచా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవారు.

మా గూడెం సంగతి వచ్చేసరికి మాత్రం నవ్వేవారు కాదు. నా చిన్నప్పుడు ఒక వానాకాలం ఇంటింటా మలేరియా. దోమలని, డాక్టరు రావాలని చాచా రాశారు. "వింత జ్వరం.. వణుకుతున్న గూడెం" అని వచ్చింది. హెడ్డింగు పుణ్యమా అని మందుల జీపు వచ్చింది, జ్వరాలు తగ్గాయి. హెడ్డింగు తగ్గలేదు. ఆటోవాళ్లు మమ్మల్ని ఎక్కించుకోలేదు. సంతలో మా వాళ్ల చింతపండు ఎవరూ ముట్టలేదు. చాచా డెస్కు వాళ్లతో పోట్లాడితే, సర్టిఫికెట్లు పోయినవన్న ప్రకటన కింద సవరణ వేశారు. "హెడ్డింగు గజమంత, సవరణ ఈగంత" అన్నారాయన.

తర్వాతి సంతలో ఆయన వచ్చి అమ్మ పక్కన గోనెసంచి మీద కూర్చుని, పిడికెడు చింతపండు కొని, అందరూ చూస్తుండగా చప్పరించడం మొదలుపెట్టారు. ఒక షావుకారు ఆగాడు.

"ఏంది భాయ్, ఆళ్ల చింతపండు తింటున్నవ్, భయం లేదా?"

"అవ్, ఉన్నది. పండ్లు జివ్వుమంటున్నయ్. నువ్వు కూడ జర నోట్లేసుకో."

షావుకారు వేసుకోలేదు. చాచా మాత్రం ఆ కాలమంతా ప్రతి సంతలోనూ వచ్చి కూర్చున్నారు. పళ్లు పులిసిపోయి చాయ్ కూడా చల్లార్చుకుని తాగేవారు. మెల్లగా ఒకరిద్దరు కొన్నారు, తర్వాత ఆ షావుకారూ కొన్నాడు. అమ్మకు ఆయన క్షమాపణ చెప్పినట్టు నాకు గుర్తులేదు. వచ్చి కూర్చున్నారు, అంతే.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నానని చెప్పినప్పుడు సంబరపడ్డారు. "రాయి బిడ్డా. గని రాసే ముందు, ఆ మాట పోయి ఎవరి గుమ్మంల కూసుంటదో చూసుకో" అన్నారు.

అందుకే ఆ రోజు ఫోన్‌లో ఏడుస్తూనే, "అన్నా, వార్తల మా గూడెం పేరు రాయకు" అన్నాను.

"నేను రాయ చెల్లె. హెడ్డింగు నా చేతిల లేదు గదా."

నేను పినపాక చేరేసరికి చాచాకు మట్టి ఇచ్చి వచ్చేశారు. చాచీ దగ్గర మా గూడెం ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అమ్మ ఏడవడం లేదు. నన్ను చూడగానే, "రేపు పేపర్ల ఏమొస్తది?" అని అడిగింది. రెండు రోజుల్లో సంత ఉంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ, నేను, విలేకరి అన్న బస్టాపు దగ్గర నిలబడ్డాం. కండక్టరు ఎప్పటిలాగే కట్ట విసిరేశాడు, బస్సు వెళ్లిపోయింది. పేపరు కోసం వచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉన్నా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చివరికి అన్నే కట్టకున్న సుతిలి తాడు కోశాడు. నేను జిల్లా పేజీ తిప్పాను. ఒక మూల చిన్న ఫోటో. పైన: "సీనియర్ విలేకరి కన్నుమూత". లోపల, అనారోగ్యంతో అని మాత్రమే ఉంది.

"జ్వరమని రాసిండ్రా?" అమ్మ అడిగింది.

"లేదమ్మా."

"మన ఊరు?"

"లేదు."

అప్పుడు అమ్మ కట్ట పక్కనే కింద కూలబడి ఏడ్చింది. ఇక ఈ పేపర్లు ఎవరు పంచాలో ఎవరికీ తెలియలేదు. సన్నగా తుంపర మొదలైంది. అమ్మ ఏడుపు ఆపకుండానే కొంగు తీసి పేపర్ల మీద కప్పింది.