జ్వరమని చెప్పిన సుగుణమ్మ టీచర్

కింద వాటాలో గురువారం స్త్రీల ప్రార్థన కూడిక జరిగితే యాలకుల టీ వాసన మా కిటికీ దాకా వస్తుంది. పాట అయ్యాక ఎవరో ‘‘ప్రార్థన మనవులు చెప్పండి’’ అంటారు. ఒకావిడ ‘‘ఒంట్లో నలతగా ఉంటోందండీ’’ అంటుంది. ఎక్కడ నలతో ఎవరూ అడగరు. ఆ మాట వింటే నాకు సికింద్రాబాదు బోయిగూడలో మా పక్కింట్లో ఉండిన సుగుణమ్మ టీచర్ గుర్తొస్తారు. గుంటూరు వైపు మనిషి, పెళ్లి చేసుకోలేదు, మిషన్ బడిలో మాకు లెక్కలు చెప్పేవారు. లెక్క తప్పి పలక తుడిచేయబోతే చెయ్యి పట్టుకుని, ‘‘ఎక్కడ తప్పావో చూపించవే, సిగ్గెందుకు?’’ అనేవారు. అంతటి ఆవిడే తన ఒంటి సంగతి దాచారు.

ఆ రోజుల్లో ఊరంతా గొడవలు. రజాకార్ల భయంతో పొద్దుగూకక ముందే తలుపులు వేసుకునేవాళ్లం. ఇళ్ల వంతున జరిగే మా కూడికలో టీచర్ ప్రతిసారీ ‘‘కాస్త జ్వరంగా ఉంటోంది, ప్రార్థించండి’’ అనేవారు. మేమంతా కళ్లు మూసుకుని ఆ జ్వరం కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించేవాళ్లం. లేని జ్వరం ఎలా తగ్గుతుంది? ఆవిడకున్నది రొమ్ములో గడ్డ. ఆపరేషన్ చేయగలిగింది మగ డాక్టరొక్కరే. ఆయన ముందు జాకెట్టు విప్పడం కన్నా చావడమే నయమనుకున్నారు పిచ్చితల్లి. గొడవల్లో రోడ్డెక్కలేమన్న సాకు కూడా దొరికింది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, జనం వీధుల్లోకి వచ్చి కేరింతలు కొట్టారు, సాకు పోయింది. అప్పటికే చంకలో బిళ్లలు కట్టాయి. రొమ్మునూ ఆ బిళ్లలనూ కలిపి తీసేశారు. తర్వాత మద్రాసు వెళ్లి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నారు. తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి వాచిపోయి, బోర్డు మీద సగం ఎత్తుకు కూడా లేచేది కాదు. ఏమైందని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

మా ఇంట్లో కూడిక జరిగిన రోజు మనవుల వేళకు ఆవిడ లేచి నిలబడ్డారు.

‘‘నాకు జ్వరం ఎప్పుడూ లేదమ్మా. దేవుడి ముందు అబద్ధం చెప్పాను. నాకొచ్చింది రొమ్ము క్యాన్సర్. సిగ్గుపడి కూర్చున్నాను, అది చంకలోకి పాకింది. మీరెవరూ అలా కూర్చోకండి.’’

ఆడవాళ్లంతా కొంగులు సర్దుకుని తలలు దించుకున్నారు. మా అమ్మ మాత్రం లేచింది.

‘‘ఏందీ టీచరమ్మా, ఆడపిల్ల ముంగట గిసొంటి మాటలా? జెర ఊకోండ్రి!’’

నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి తోసింది. నా చెవులు మండిపోయాయి. టీచర్ మీద కోపం కూడా వచ్చింది. తర్వాతి కూడికకు ఆవిడ రాకపోతే అందరికీ హాయిగా అనిపించింది, నాతో సహా. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ తల వంగిపోతోంది.

జబ్బు తిరగబెట్టి ఆవిడ మంచాన పడ్డాక అమ్మ నాతో గంజి పంపింది. టీచర్ నా వేళ్లు అందుకుని తన మెడ పక్కన, భుజం దాకా వెళ్లే ఎముక పైన ఆనించారు. చర్మం కింద గట్టిగా, కదలకుండా ఏదో తగిలింది.

‘‘భయపడకే విమలా. గడ్డ ఇలా ఉంటుంది. శనగగింజంతే. మొదట్లో నొప్పుండదు, అందుకే మోసపోయాను. గుర్తుపెట్టుకో.’’

నేను చెయ్యి లాక్కుని పరికిణీకి తుడుచుకున్నాను. ఆవిడ చూశారు. ఇంటికొచ్చి ఏడుస్తూ అమ్మకు చెప్పాను. అమ్మ ‘‘సప్పుడు చెయ్యకు’’ అంది.

టీచర్ ఎండాకాలం దాకా ఉండలేదు. సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం అమ్మ స్నానాల గదిలోంచి నన్ను పిలిచి గడియ పెట్టమంది. గోడవైపు తిరిగి నిలబడింది.

‘‘టీచరమ్మ నీకు చూపెట్టిందంటివి గదా. నాకు సుత జెర చూడు బిడ్డా. నీ దిక్కు తిరగ, నాకు శరమైతుంది.’’

నాకూ సిగ్గే. కళ్లు గట్టిగా మూసుకుని రొమ్ముల్లో, చంకల్లో వేళ్లతో వెతికాను. ఏమీ తగల్లేదు. ఏమీ లేదని చెప్తే అమ్మ గోడకు నుదురానించి, ‘‘ఆమెనెట్ల కసిరిన్నే, ఎట్ల కసిరిన్నే’’ అని ఏడ్చింది. ఆ తర్వాత చెల్లెళ్లకూ, కూతురికీ, కోడలికీ నేనే చూస్తూ వచ్చాను. నా సిగ్గు ఇంకా పోలేదు. సిగ్గుపడుతూనే చూస్తాను.